తెలిసినవాళ్లే వచ్చే సంత

(సూరత్‌లో పనిచేస్తున్న తెలుగు సిబ్బంది కుటుంబాల కలయికలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు నిర్వాహకులు ఒక షరతు పెట్టారు. "సర్క్యులర్ చదివినట్టు ఉండకూడదు సార్, ఇంట్లోవాళ్లకు కూడా పనికొచ్చేది చెప్పండి" అన్నారు. షరతు న్యాయమైనదే. అందుకే ఈ ఊళ్లో మన కళ్ల ముందే జరుగుతున్నా, మనలో చాలామంది లోపలికి వెళ్లి చూడని ఒక విషయాన్ని ఎంచుకున్నాను.

సర్సాణాలోని ఎగ్జిబిషన్ సెంటర్ మీ అందరికీ తెలుసు. 1940లో ఏర్పడిన సదరన్ గుజరాత్ చాంబర్ ఆఫ్ కామర్స్ అండ్ ఇండస్ట్రీ నిర్వహించే ప్రదర్శనల బోర్డులు మీరు చూసే ఉంటారు. నేత యంత్రాలకూ వాటి విడిభాగాలకూ సైటెక్స్. దారాలకు యార్న్ ఎక్స్‌పో. బట్టకు వీవ్‌నిట్. వజ్రాలకూ నగలకూ స్పార్కిల్. ఒక్కో రంగానికి ఒక్కో ప్రదర్శన.

ఈ రోజు నా ప్రశ్న చిన్నది. మగ్గంలో ఒకే ఒక్క భాగం తయారు చేసే చిన్న కార్ఖానాదారు ఒకాయన ఉన్నాడనుకోండి. ఆయన రోజువారీ పని ఆపుకొని, అప్పో సప్పో చేసి, అక్కడ మూడు రోజులు స్టాల్ పెడితే ఆయనకు ఏం ఒరుగుతుంది? జవాబు ముందే చెప్పేస్తాను. ఆ మూడు రోజుల్లో అమ్ముడుపోయేది దాదాపు ఏమీ ఉండదు. అయినా, సరిగ్గా చేసుకుంటే, ఆ ఏడాది ఆయన పెట్టిన ఖర్చుల్లో అంత మంచి ఖర్చు ఇంకొకటి ఉండకపోవచ్చు. ఈ రెండు మాటలకూ పొత్తు ఎలా కుదురుతుందో చెప్పడమే నా పని.

నుమాయిష్ వేరు, ఇది వేరు

హైదరాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లకు ఎగ్జిబిషన్ అనగానే నాంపల్లి నుమాయిష్ గుర్తొస్తుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, తర్వాత నాంపల్లి మైదానానికి మారింది. కాశ్మీరీ శాలువాల నుంచి మిర్చి బజ్జీల దాకా అన్నీ దొరుకుతాయి. పిల్లలకు రంగులరాట్నం, పెద్దలకు కాలక్షేపం. లోపలికి వచ్చిన ప్రతి మనిషీ కొనుగోలుదారే. అక్కడ లాభం తలల లెక్కలో ఉంటుంది. జనం ఎంత ఎక్కువైతే అమ్మకం అంత ఎక్కువ.

ఇప్పుడు మన కార్ఖానాదారు తన సరుకు తీసుకెళ్లి నుమాయిష్‌లో పెట్టాడనుకుందాం. ఆయన చేసేది రీడ్. మగ్గంలో పడుగు దారాలను విడివిడిగా వరసలో నిలిపి, వచ్చిన ప్రతి పేక పోగునూ బట్టలోకి గట్టిగా నెట్టే ఉక్కు దువ్వెన లాంటి భాగం అది. లక్షమంది ఎదురుగా నడిచి వెళ్లినా, "ఇదేంటండీ, గోడకు తగిలించుకునేదా?" అని అడిగేవాళ్లే తప్ప కొనేవాళ్లు ఉండరు. మూడు రోజులూ ఈగలు తోలుకోవడమే.

అదే మనిషి సర్సాణాలో, నేత యంత్రాల ప్రదర్శనలో, తొమ్మిది చదరపు మీటర్ల స్టాల్‌లో కూర్చుంటే కథ మారిపోతుంది. ఎదురుగా ఆగేవాళ్లు వందల్లోనే ఉండొచ్చు. కానీ వాళ్లు మగ్గాల యజమానులు, మిల్లు మేనేజర్లు, ఫిట్టర్లు, విడిభాగాల డీలర్లు. రీడ్ చేతికివ్వగానే వెలుతురుకు ఎత్తి, పళ్ల మధ్య సందులు సమంగా ఉన్నాయో లేదో చూస్తారు. ఎన్ని నెలలు ఆగుతుందని అడుగుతారు. ఏ ఉక్కు వాడారని అడుగుతారు. ఇది తెలిసినవాళ్లే వచ్చే సంత. నుమాయిష్‌లో లక్షమంది ఇవ్వలేనిది ఇక్కడ ఇరవైమంది ఇస్తారు.

జర్మనీలోని లైప్‌జిగ్ నగరం ప్రదర్శనల తీరును మార్చిన ఊరు. శతాబ్దాల పాటు అక్కడి సంతకు వర్తకులు బండ్లకెత్తి సరుకు తెచ్చి అమ్ముకునేవారు. రైళ్లు వచ్చి, కర్మాగారాల్లో ఒకే రకం సరుకు ఎంతైనా తయారవడం మొదలయ్యాక, అంతా మోసుకురావడం ఎందుకనిపించింది. 1895లో లైప్‌జిగ్ నమూనాల ప్రదర్శనకు మారింది. నమూనా చూపించు, ఆర్డరు రాసుకో, సరుకు తర్వాత పంపు. నేటి వాణిజ్య ప్రదర్శనలకు మూలం ఇదే. చేతిలో ఉన్నది ఒక్క నమూనా. తర్వాత వచ్చే వెయ్యీ అలాగే ఉంటాయని కొనేవాడు నమ్మాలి. ఆ నమ్మకం కోసమే స్టాల్.

చీర వెనక చేతులు

ఇంతకీ ఇలాంటి ప్రత్యేక సరఫరాదారులు ఎవరు? వాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు, మనకు తెలియకుండా. బీరువా తెరిస్తే ఒక గద్వాల్ చీరో, ధర్మవరం పట్టుచీరో ఉంటుంది. ఆ అంచులో మెరిసే జరీకి పెద్ద కేంద్రం ఈ ఊరే. సూరత్ జరీకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అసలు జరీ అంటే పట్టుదారానికి సన్నని వెండి తీగను చుట్టి, దానికి బంగారు పూత పూస్తారు. వెండి బదులు రాగి వాడితే ఇమిటేషన్ జరీ. తీగ లాగేవాళ్లు ఒకరు, దాన్ని సాగగొట్టి చదును చేసేవాళ్లు ఒకరు, దారానికి చుట్టేవాళ్లు ఒకరు, పూత పూసేవాళ్లు ఒకరు. చీర కొన్న ఇల్లాలికి నేసిన ఊరు పేరు తెలుసు. జరీ చుట్టిన చేతుల సంగతి తెలియదు.

ఒకే రకం పనివాళ్లు ఒకే ఊళ్లో పోగవడాన్ని గురించి 1890లోనే ఆల్ఫ్రెడ్ మార్షల్ అనే ఆర్థికవేత్త రాశాడు. అలాంటి చోట పనిలోని మెళకువలు ఒకరి సొత్తుగా ఉండవని, ఊరి గాలిలో కలిసిపోతాయని ఆయన గమనించాడు. సూరత్ అచ్చంగా అలాంటి ఊరు. ఉధ్నా, పాండేసరా, సచిన్ పారిశ్రామికవాడల్లో తిరిగితే ఒకరి పని ఇంకొకరికి ముడిసరుకు అని తెలుస్తుంది. 2006లో యూరప్‌కు చెందిన పరిశోధకులు మాస్కెల్, బాథెల్ట్, మాల్మ్‌బర్గ్ వాణిజ్య ప్రదర్శనలకు ఒక మంచి పేరు పెట్టారు: తాత్కాలిక క్లస్టర్లు. అంటే మూడు నాలుగు రోజుల కోసం వెలిసే చిన్న సూరత్ అన్నమాట. ఊరంతా విస్తరించి ఉన్న రంగం, పక్క రాష్ట్రాల్లోని తన చుట్టాలతో సహా, ఒకే కప్పు కిందికి వస్తుంది.

స్టాల్ ఇచ్చే నాలుగు లాభాలు

మేనేజ్‌మెంట్ చదువులో నేర్చుకున్నదీ, మన శాఖలకు వచ్చే చిన్న కార్ఖానాదారుల వ్యాపారం చూస్తే అర్థమయ్యేదీ కలిపి, ఆ లాభాలను నాలుగుగా చెబుతాను.

మొదటిది, సరైన మనిషి దొరకడం. చిన్న సరఫరాదారుకు ఉన్న పెద్ద కష్టం కొనేవాళ్లు లేకపోవడం కాదు, వాళ్లెక్కడున్నారో తెలియకపోవడం. మిల్లుకు వెళితే గేటు దగ్గర వాచ్‌మన్ ఆపుతాడు. లోపలికి వెళితే కొనుగోలు విభాగంలో "కొటేషన్ ఇచ్చి వెళ్లండి" అంటారు. రీడ్ బాగోలేక రోజూ తలపట్టుకునే ఫిట్టర్ లోపల మగ్గం దగ్గర ఉంటాడు. ఆయన దాకా చేరే దారి లేదు. ప్రదర్శనకు ఆ ఫిట్టరే యజమాని వెంట నడిచి వస్తాడు. "సార్, మనకు కావలసింది ఇదే" అని ఆయన అన్న ఒక్క మాట పది కరపత్రాల పెట్టు.

రెండోది, నమ్మకం. జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో పాత కార్ల బజారు మీద ఒక వ్యాసం రాశాడు. ఆ కృషికి 2001లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. సారాంశం మన ఇంటి భాషలో చెప్పాలంటే: మంచిదీ చెడ్డదీ పైకి ఒకేలా కనిపిస్తే కొనేవాడు అన్నిటికీ చెడ్డదాని ధరే ఇస్తాడు. అప్పుడు మంచి సరుకు అమ్మేవాడు బజారు వదిలి వెళ్లిపోతాడు. విడిభాగాల వ్యాపారానికి ఇది అతికినట్టు సరిపోతుంది. డబ్బాలో ఉన్న రీడ్ చూడటానికి ఒకటే. మగ్గం మీద పెట్టాక గాని గుణం తెలియదు. అందుకే స్టాల్ పెట్టడం, అదీ ప్రతిసారీ పెట్టడం, ఒక రకమైన హామీ. "నా సరుకు పాడైతే వచ్చే ప్రదర్శనలో ఇక్కడే దొరుకుతాను, నలుగురి ముందూ అడగండి" అని చెప్పకుండా చెప్పడం. నాసిరకం అమ్మేవాడు ఆ ధైర్యం అంత తేలిగ్గా చేయడు.

మూడోది, ఫిర్యాదు. వింతగా అనిపించొచ్చు. డీలరు ద్వారా అమ్మేవాడికి సరుకు వాపసు రావడమే తెలుస్తుంది, ఎందుకొచ్చిందో తెలియదు. కొన్నిసార్లు వాపసు కూడా రాదు, ఆర్డరు ఆగిపోతుందంతే. స్టాల్ దగ్గర వాడినవాళ్లే నిలబడి చెబుతారు: "మీది ఈ చివర వదులవుతోంది", "మా దారం సన్నం, దీనికి తెగుతోంది" అని. ఒక్కో ఫిర్యాదూ ఖర్చు లేకుండా దొరికిన పరిశోధన. పుస్తకం పెట్టి రాసుకున్నవాడు మర్నాడు మెరుగైన సరుకు చేస్తాడు.

నాలుగోది, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది, ముందస్తు కబురు. సూరత్‌లో నాడె అటూ ఇటూ పరుగెత్తే పాత మగ్గాలు చూసే ఉంటారు. నిమిషానికి వంద, నూటయాభై పోగులు వేస్తాయి. వాటి పక్కనే ఇప్పుడు నీటి ధారతో పేకను విసిరే వాటర్‌జెట్ మగ్గాలు, రేపియర్ మగ్గాలు వచ్చాయి. వాటర్‌జెట్ నిమిషానికి ఐదారు వందల పోగులు దాటి నడుస్తుంది. పాలిస్టర్ దారం నీటిని పీల్చదు కాబట్టి ఈ ఊరి బట్టకు ఆ మగ్గం బాగా కుదిరింది. మరి నాడెలు చేసేవాడి గతేమిటి? వాటర్‌జెట్‌కు నాడె అక్కరలేదు. రీడ్ కావాలి, కానీ తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ ఉక్కుతో, ఆ వేగానికి తట్టుకునేంత కచ్చితంగా చేసింది కావాలి.

ఈ కబురు ఎవరు చెబుతారు? నేత యంత్రాల ప్రపంచంలో పెద్ద ప్రదర్శన ఇట్మా. 1951లో ఫ్రాన్స్‌లోని లిల్ నగరంలో మొదలై, నాలుగేళ్లకోసారి యూరప్‌లో జరుగుతుంది. 2019లో బార్సిలోనాలో, 2023లో మిలాన్‌లో జరిగింది. లింబాయత్ గల్లీలో కార్ఖానా నడిపే మనిషి మిలాన్ వెళ్లలేడు. కానీ అక్కడ కనిపించిన ధోరణి కొంతకాలానికి సర్సాణా దాకా వస్తుంది. పక్క స్టాల్‌లో నడుస్తున్న కొత్త యంత్రాన్ని మూడు రోజులు చూస్తే, తన సరుకుకు ఇంకా ఎన్నేళ్ల ఆయుష్షుందో ఆయనకే అర్థమవుతుంది. ఆర్డర్లు తగ్గాక తెలిస్తే అది నష్టం. తగ్గకముందే తెలిస్తే అది అవకాశం. ఈ రెంటి మధ్య తేడా ఒక కుటుంబం బతుకు.

ఖర్చు గిట్టుతుందా?

ఇల్లు నడిపేవాళ్లకు వచ్చే ప్రశ్న ఇదే, బ్యాంకువాళ్లకూ ఇదే. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ఇవి ఏ ప్రదర్శన రేట్లూ కావు, మన సౌకర్యం కోసం వేసుకున్నవి.

స్టాల్ అద్దె, అలంకరణ, కరెంటు, నమూనాలు, కరపత్రాలు, మనుషుల భోజనాలు, మూడు రోజులు ఆగిన పని, అన్నీ కలిపి 2 లక్షల రూపాయలు. స్టాల్ దగ్గర ఆగినవాళ్లు 200 మంది. పనికొచ్చే ప్రశ్న అడిగినవాళ్లు 40 మంది. కొటేషన్ కోరినవాళ్లు 12 మంది. చివరికి కొనుగోలుదారులుగా నిలిచినవాళ్లు ముగ్గురు. మొదటి ఆర్డర్లన్నీ కలిపితే లక్షన్నర. "రెండు లక్షలు పోసి లక్షన్నర సరుకు అమ్మావా?" అని ఇంట్లో అడిగితే ఆయన దగ్గర జవాబు ఉండదు.

కానీ రీడ్ అరిగే వస్తువు. మళ్లీ మళ్లీ కొనాలి. ఒక్కొక్కరూ ఏడాదికి 3 లక్షల సరుకు కొన్నారనుకుందాం. అన్ని ఖర్చులూ పోగా 15 శాతం మిగిలితే ఒక్కొక్కరి మీద 45 వేలు, ముగ్గురి మీద 1 లక్షా 35 వేలు. అంటే ఏడాదిన్నరలో స్టాల్ ఖర్చు తీరిపోయింది. ఐదేళ్లు నిలిస్తే 6 లక్షల 75 వేలు. చీటీ పాట కట్టిన ఇల్లాలికి ఈ లెక్క వేరే చెప్పనక్కరలేదు. మొదటి నెలలో చూస్తే నష్టం, చివరి దాకా చూస్తే లాభం.

ఇదే లెక్క తలకిందులు కావడానికి కూడా ఎక్కువ శ్రమ అక్కరలేదు. ఆ 40 మందికి తిరిగి ఫోన్ చేయకపోతే చాలు. ప్రదర్శన ముగిసిన మర్నాడు కార్ఖానాలో పేరుకుపోయిన పని మీద పడి, విజిటింగ్ కార్డులు సొరుగులో వేసి, నెల తర్వాత తీస్తే, ఎవరు ఏం అడిగారో గుర్తుండదు. వచ్చినవాళ్లకూ గుర్తుండదు. స్టాల్ మీద పెట్టిన రెండు లక్షలూ ఆ సొరుగులోనే పోతాయి. ప్రతి కార్డు వెనక ఆ పూటే రెండు ముక్కలు రాసి, వారం తిరగకముందే ఫోన్ చేయాలి. ఈ పనికి ఇంట్లో చదువుకున్న కొడుకో, కూతురో, కోడలో ఉంటే అంతకంటే మంచి సేల్స్ మేనేజర్ దొరకరు.

మరో జాగ్రత్త. కొత్త రూపం ఏదైనా కనిపెట్టినవాళ్లు దాన్ని స్టాల్‌లో పెట్టకముందే 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదుకు దరఖాస్తు చేసుకోవాలి. నలుగురూ చూశాక కొత్తదనం పోయిందని నమోదు నిరాకరించే వీలుంది. చూడటానికి వచ్చేవాళ్లలో కొనేవాళ్లతో పాటు నకలు తీసేవాళ్లూ ఉంటారు.

ప్రదర్శన అందరికీ పనికిరాదని కూడా చెప్పాలి. ఎవరు చేసినా ఒకేలా ఉండి, పైసా తేడా మీద అమ్ముడుపోయే సరుకైతే స్టాల్ పెట్టినా అడిగేది ధరే. ఇప్పటికే చేతినిండా పని ఉండి, కొత్త ఆర్డరు ఒప్పుకోలేనివాళ్లు పెడితే మాట పోగొట్టుకుంటారు. తన పని నలుగురి పనికంటే ఏదో ఒక విషయంలో వేరుగా ఉందని చెప్పగలిగినవాళ్లకే ఇది.

మనవాళ్ల సంగతి

ఇప్పుడు నేను ఈ విషయం ఎంచుకోవడానికి అసలు కారణం చెబుతాను.

నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో ఎక్కితే సూరత్‌లో దిగొచ్చు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి మగ్గం పని తెలిసిన కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, తరతరాలుగా ఈ ఊరికి వస్తూనే ఉన్నారు. సిరిసిల్లలో సాంచాలు నడిపిన చేతులే ఇక్కడ పవర్‌లూమ్‌లు నడిపాయి. లింబాయత్, ఉధ్నా వైపు వెళితే తెలుగు బోర్డులు కనిపిస్తాయి, తెలుగు పలకరింపులు వినిపిస్తాయి. ఇక్కడి మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోందంటే మనవాళ్లు ఎంతగా ఈ ఊళ్లో కలిసిపోయారో అర్థం చేసుకోవచ్చు. ఈ వలసను దృష్టిలో పెట్టుకునే, మనవాళ్లు వెనక్కి వస్తారన్న ఆశతో, 2017లో వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది.

ఇరవై ముప్పై ఏళ్లు మగ్గాల మధ్య గడిపినవాళ్లకు చప్పుడు వింటేనే ఎక్కడ లోపముందో తెలుస్తుంది. అలాంటివాళ్లు ఒక దశలో నేత మానేసి, చిన్న గదిలో విడిభాగాలు బాగుచేయడమో, తయారు చేయడమో మొదలుపెట్టడం సహజం. కానీ సరుకు డీలరుకు ఇస్తారు. డీలరు తన డబ్బాలో, తన పేరుతో అమ్ముతాడు. మిల్లు యజమానికి డీలరు తెలుసు. డీలరుకు పనివాడు తెలుసు. పనివాడికి మిల్లు తెలియదు. ఇందులో డీలరు తప్పేమీ లేదు, ఆయన పని ఆయన చేస్తున్నాడు. కానీ పేరు లేని నైపుణ్యానికి ధర పెరగదు. డీలరు వేరేచోట రూపాయి తక్కువకు దొరికిందని మారిపోతే, ముప్పై ఏళ్ల పనితనం ఒక్క ఫోన్‌తో రోడ్డున పడుతుంది. పాత మగ్గాలు తుక్కుకు వెళ్తున్న ఈ రోజుల్లో ఆ ఫోన్ ఎప్పుడైనా రావచ్చు.

సొంత పేరు రాసిన బోర్డు కింద మూడు రోజులు కూర్చోవడం ఇలాంటివాళ్లకు ఎంత పెద్ద మాటో ఆలోచించండి. అక్కడ భివండీ, మాలేగావ్, ఇచల్‌కరంజి నుంచి వచ్చినవాళ్లు ఆగుతారు. మన సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్లు తెలుగు వినబడితే ఆగకుండా పోతారా? భాష రాదని, ఇంగ్లిషులో కరపత్రం లేదని వెనకాడక్కరలేదు. రీడ్ వెలుతురుకు ఎత్తి చూసే మనిషితో మాట్లాడటానికి కావలసింది రీడ్ గురించి తెలియడమే.

ఒంటరిగా స్టాల్ భరించలేనివాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి తీసుకోవచ్చేమో నిర్వాహకులను అడగాలి. రీడ్ చేసేవారు, హీల్డ్ చేసేవారు, మరమ్మతు చేసేవారు ఒకే చోట కూర్చుంటే కొనేవాడికీ సుఖమే. సూక్ష్మ, చిన్న సంస్థలు ప్రదర్శనల్లో పాల్గొనే ఖర్చులో కొంత భరించే పథకం కేంద్ర ఎంఎస్‌ఎంఈ మంత్రిత్వ శాఖకు ఉంది. ఏ ప్రదర్శనకు, ఎంత వరకు వర్తిస్తుందో ముందుగా కనుక్కొని దరఖాస్తు చేయాలి.

బ్యాంకు పాత్ర

ఇక్కడున్న సహోద్యోగులకు రెండు మాటలు. ఇంట్లోవాళ్లు కూడా వినొచ్చు, మీ పుట్టింటివైపో అత్తింటివైపో చిన్న వ్యాపారం చేసేవాళ్లు ఎవరో ఒకరు ఉండే ఉంటారు.

ప్రదర్శన బాగా జరిగితే వచ్చే మొదటి సమస్య డబ్బు లేకపోవడం. ఆర్డరు వచ్చింది, ఉక్కు కొనాలి, సరుకు ఇచ్చాక డబ్బు రావడానికి నెలలు పడుతుంది. నాయక్ కమిటీ సూచించిన పద్ధతిలో చిన్న సంస్థకు అంచనా టర్నోవరులో నాలుగో వంతు వర్కింగ్ క్యాపిటల్ అవసరమని లెక్కకట్టి, టర్నోవరులో 20 శాతం బ్యాంకు, 5 శాతం యజమాని పెట్టాలంటాం. టర్నోవరు కోటి రూపాయలైతే 20 లక్షలు మనవి, 5 లక్షలు ఆయనవి. కొత్త ఆర్డర్లతో టర్నోవరు పెరిగితే పరిమితి కూడా పెరగాలి. ఆ మాట ఆర్డరు వచ్చాక పరుగెత్తుకొచ్చి చెప్పేకంటే, ప్రదర్శనకు ముందే శాఖకు వచ్చి చెప్పమని మన ఖాతాదారులకు మనమే చెప్పాలి. తాకట్టు పెట్టడానికి ఏమీ లేదని వెనకాడేవాళ్ల కోసం 2000లో ఏర్పడిన రుణ హామీ ట్రస్టు, సీజీటీఎంఎస్‌ఈ, ఉండనే ఉంది.

రెండో సమస్య బాకీ. 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థ సరఫరా చేసిన సరుకుకు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే ఒప్పుకున్న గడువులో, ఎలా చూసినా 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆదాయపు పన్ను నిబంధన కూడా దీనికి తోడైంది. గడువు దాటిన బాకీని కొన్నవాళ్లు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడానికి వీల్లేదు, చెల్లించిన ఏడాదిలోనే చూపించాలి. సూరత్ బట్టల బజారులో దీని మీద ఎంత చర్చ జరిగిందో మీకు తెలిసిందే. ఈ రక్షణ ధీమాగా అడగాలంటే ఉద్యమ్ నమోదు ఉండాలి. స్టాల్‌లో కూర్చునే ప్రతి చిన్న సరఫరాదారూ తన బిల్లు మీద, కొటేషన్ మీద ఆ నంబరు అచ్చు వేయించాలి. డీలరు చాటున ఉన్నంతకాలం ఈ చట్టంతో ఆయనకు పనిబడలేదు. సొంత పేరుతో అమ్మిన రోజు నుంచి ఇది ఆయన గొడుగు.

మన ఆఫీసర్లకు నా విన్నపం ఒకటే. ప్రదర్శన జరిగే రోజుల్లో ఒక పూట వీలు చేసుకుని వెళ్లండి. బ్యాలెన్స్ షీటులో కనిపించనివి అక్కడ కనిపిస్తాయి. ఖాతాదారు స్టాల్ దగ్గర ఎవరు ఆగుతున్నారు, ఏమడుగుతున్నారు, ఈయన ఏం చెబుతున్నాడు, పక్క స్టాల్‌లో ఏముంది. అరగంట నిలబడి చూస్తే ఆ వ్యాపారం ఎటు పోతోందో తెలుస్తుంది. రుణం ఇవ్వడానికే కాదు, సమయానికి హెచ్చరించడానికీ అది పనికొస్తుంది.

చివరిగా పిల్లలకు. మీలో టెక్స్‌టైల్, మెకానికల్, కామర్స్ చదివేవాళ్లుంటే, వ్యాపార సందర్శకులకే పరిమితమైన రోజులు కాకుండా విద్యార్థులను అనుమతించే వేళలుంటే కనుక్కొని వెళ్లండి. పెద్ద కంపెనీల మెరుగు స్టాళ్ల దగ్గర ఆగండి, తప్పులేదు. కానీ తర్వాత వెనక వరసలోకి, చిన్న స్టాళ్ల వైపు నడవండి. ఒక మనిషి ఒకే వస్తువును బల్ల మీద పెట్టుకుని కూర్చుని ఉంటాడు. "ఇదేంటి, మిగతావాళ్లదానికీ మీదానికీ తేడా ఏంటి?" అని అడగండి. ఆయన చెప్పే జవాబులో మీరు పుస్తకంలో చదివిన పాఠాలు చాలానే ఉంటాయి. మీరు కట్టుకున్న బట్ట మీ దాకా రావడానికి ఎన్ని చేతులు పనిచేశాయో కూడా తెలుస్తుంది. మాట్లాడే మనిషి తెలుగువాడైతే, వెళ్లొచ్చేటప్పుడు ఆయన కార్డు ఒకటి తెచ్చి మీ నాన్నకో అమ్మకో ఇవ్వండి. మన శాఖకు అలాంటి ఖాతాదారులు కావాలి, వాళ్లకూ మన శాఖ కావాలి.